బలవంతం మీద చదివిన నవల

"నీ ముచ్చట్ల కోసరం నా టీవీ గొంతు నొక్కాల్నా?" అంటూ సరోజమ్మ రిమోటును ఒళ్ళోకి లాక్కుని దాని మీద కొంగు కప్పేసింది.

"నొక్కమనలేదత్తా. రెండు పాయింట్లు తగ్గించమన్నా. గంటసేపు."

"తగ్గిస్తే నాకు ఇనపడదు."

"వినపడేదానికి మిషన్ కొనిచ్చినారు కదా, పెట్టుకోవచ్చు కదా."

"అది పెట్టుకుంటే చెవిలో ఈగ దూరినట్లుంటాది. నువ్వు పెట్టుకో, సూస్తా."

నాలుగు రోజులుగా సాగుతున్న తగువు అది. మధ్యాహ్నం రెండింటికి సరోజమ్మ చూసే కొత్త సీరియల్ మొదలవుతుంది. సరిగ్గా అదే రెండింటికి ఆమె కోడలు సుమలత గదిలోకి పోయి కుప్పంలో ఉన్న ఆడబిడ్డ ఉషారాణికి ఫోన్ చేస్తుంది. మదనపల్లెలో వాళ్ళది అంగడి వెనకే కట్టుకున్న ఇల్లు. హాలుకూ గదికీ మధ్య ఒకే వరస ఇటుక గోడ. టీవీలో కోడలు ఏడిస్తే ఆ ఏడుపు గోడ దాటి, ఫోను దాటి, కుప్పం దాకా పోయేది. "ఎవురో ఏడస్తాండారే సుమా, ఎవురది?" అనేది అవతలి నుంచి ఉషారాణి.

అంతవరకూ పళ్ళెంలోంచి తల ఎత్తని లక్ష్మీపతి, మజ్జిగన్నం ఆఖరి ముద్ద మింగి తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.

"రోజూ గంటసేపు అక్కతో ఏం మాట్లాడతావో నాకు తెలీదు. మాట్లాడుకో. అమ్మను యాల కెలకతావు? మేడ మీదికి పో."

"రెండు గంటల ఎండలోనా?"

"అయితే పొద్దున్నే పో."

చెయ్యి కడుక్కుని అంగడికి వెళ్ళిపోయాడు. విత్తనాలు, పురుగుమందులు అమ్మే మనిషి. ఏ రైతు ఏ తెగులు చెప్పుకున్నా రెండు ముక్కల్లో మందు చెప్పి పంపడం అతనికి అలవాటు. ఇంట్లో తగువులకూ అదే పద్ధతి.

అక్కతో ఏం మాట్లాడుతుందో తెలియదని అతను అన్న మాట నిజమే. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. సుమలత మాట్లాడేది కాదు, చదివేది. ప్రేమ నవలలు.

ఆ కుటుంబంలో నవల అన్న మాట పైకి అనకూడనిది. దానికి కారణం ఉషారాణే. పద్దెనిమిదేళ్ళప్పుడు ముళబాగిలులో ఇచ్చి పెళ్ళి చేస్తే, పద్నాలుగు నెలలకు పెట్టె సర్దుకుని తిరిగి వచ్చేసింది. కొట్టినాడా అంటే కొట్టలేదంది. తాగుతాడా అంటే తాగడంది. "నాతో మాట్లాడడు" అంది. ఆ మాట విని ఇంటిల్లిపాదీ ముందు నవ్వారు, తర్వాత ఏడ్చారు, చివరికి నేరాన్ని ఆమె చదివే నవలల మీదికి తోసేసి చేతులు దులుపుకున్నారు. ఆమె ట్రైనింగ్ చేసి, టీచరై, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పి, కుప్పంలో రెండు గదుల ఇల్లు కట్టుకుని రిటైరయింది. అయినా ఈనాటికీ బంధువుల్లో ఎవరి కూతురైనా మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చిందంటే, "నవలలు గానీ చదవతాదా?" అని అడిగేవాళ్ళు.

సుమలత ఆ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడాది, సంక్రాంతి సెలవులకు వచ్చిన ఉషారాణి పరీక్ష పేపర్ల కట్ట కింద నుంచి ఒక నవల తీసి ఆమె చేతిలో పెట్టింది. "బియ్యం డబ్బాలో పెట్టుకో. మా అమ్మ దాంట్లో చెయ్యి పెట్టదు" అంది. సుమలత దాన్ని మూడు మధ్యాహ్నాల్లో చదివేసింది. నాలుగో రోజు ఇద్దరూ అనపగింజలు పితకడానికి కూర్చున్నారు. నానబెట్టిన గింజను రెండువేళ్ళ మధ్య నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, పొట్టు వేళ్ళకు అంటుకుంటుంది. శేరు గింజలు పితకాలంటే రెండు గంటలు. ఆ పని ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఆ రెండు గంటలూ వాళ్ళ దరిదాపులకు ఎవరూ రారు.

"ఆ కతలో ఆయప్ప అంత కోపిష్టి కదా వదినా, ఆయమ్మ ఎట్ల ఒప్పుకునింది?" అని అడిగింది సుమలత.

"కోపం కాదు సుమా అది. మాట రాక కోపం. చెప్పడం చేతగానోడికి కోపమొస్తాది."

"మనోళ్ళకందరికీ అదేనా?"

"మనోళ్ళకు చెప్పేదానికేమీ లేక" అంది ఉషారాణి. ఇద్దరికీ నవ్వు ఆగక గిన్నె తిరగబడింది.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు. అనపకాయల కాలం వచ్చిందంటే పండగ. బస్టాండు దగ్గర భీమరావు అనే ఆయన అద్దె పుస్తకాల అంగడి మూసేసిన రోజున ఉషారాణి రెండు గోతాల నవలలు కొనుక్కుని కుప్పం బస్సెక్కింది. వాటి మీద భీమరావు అంగడి ముద్రలు, అద్దెకు తీసుకున్న ఆడవాళ్ళ చేతిరాతలు. "సూపర్" అని ఒకామె, "హీరో దొంగనాయాలు, నమ్మొద్దండి" అని ఇంకొకామె మూడో పేజీలోనే రాసి పెట్టేది. కొన్నింటికి చివరి పేజీలు ఉండవు. అలాంటివి దొరికితే వాళ్ళకు మరీ ఇష్టం. ఎవరి ముగింపు వాళ్ళు చెప్పుకోవాలి. ఉషారాణి ముగింపుల్లో హీరోయిన్‌కు ఉద్యోగం వచ్చేది. సుమలత ముగింపుల్లో హీరో క్షమాపణ అడిగేవాడు, అదీ నలుగురి ముందూ. హీరోలకు పేర్లు కూడా పెట్టుకున్నారు. కారు దిగనివాళ్ళు కారు హీరోలు. జబ్బు దాచిపెట్టి దూరంగా పోయేవాళ్ళు దగ్గు హీరోలు. "ఊటీలో ఎస్టేటు లేనోడు మనకు హీరో కాదు" అనేది సుమలత. "ఎస్టేటు సరేలే, వీండ్లకు ఆకలెయ్యదేంది సుమా? మూడొందల పేజీల్లో ఒక్కడూ అన్నం అడగలేదు. అందుకే ఆ ఆడోళ్ళకు ప్రేమించే తీరుబడి దొరికింది" అనేది ఉషారాణి.

రెండేళ్ళ కిందట ఉషారాణికి షుగర్ కళ్ళలోకి దిగింది. అక్షరాలు చీమల్లాగా కదులుతున్నాయని మొదట చెప్పింది. కంట్లోకి సూదులు వేయించుకుంది. ఆరు నెలలకు, "చీమలు కూడా పోయినాయి సుమా, వట్టి తెల్లకాగితం" అంది. ఆ మాట విన్న రాత్రి సుమలతకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఫోన్ చేసి, "నేను చదువుతా వదినా, మీరు వినండి" అని తనే అడిగింది. "నీకు యాల శ్రమ?" అని ఉషారాణి వద్దంటే, "నాకు మాత్రం ఎవురుండారు చెప్పండి దీన్ని గురించి మాట్లాడేదానికి?" అంది. కుప్పం పోయి, స్కూలు పుస్తకాలని చెప్పి బియ్యం సంచిలో పాతిక నవలలు మదనపల్లెకు తెచ్చుకుంది.

లక్ష్మీపతి తీర్పు తర్వాత పద్ధతి మారింది. సుమలత పొద్దున్నే బట్టలు ఆరేసే నెపంతో మేడ ఎక్కేది. నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని, ఫోనులో మైకు గుర్తు నొక్కి ఒక అధ్యాయం చదివి పంపేది. ఉషారాణి మధ్యాహ్నం పక్కింటి పాప చేత పెట్టించుకుని వినేది. సాయంత్రం నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళు. చదువుతుండగా మధ్యలో వదిన ఊ కొట్టడం, "ఆగు, ఆ ముక్క మళ్ళీ చదువు" అనడం ఇప్పుడు లేవు. ఆ లోటు పూడ్చడానికి సుమలత అధ్యాయం చివర తను అనుకున్నది కూడా చెప్పి పంపడం మొదలుపెట్టింది.

అప్పుడు నడుస్తున్న నవల 'కొండమలుపు బంగళా'. పన్నెండో అధ్యాయం. వాసంతి కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. శ్రీహర్ష ఆమె పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని ముల్లు తీస్తాడు. తీసినాక కూడా పాదం వదలడు. సుమలత శ్రీహర్ష మాటలు గొంతు బొంగురు చేసి చదివేది, వాసంతివి గుసగుసగా. ఆ పొద్దు చాలా బాగా కుదిరింది. పద్నాలుగు నిమిషాలు. చివర్లో పుస్తకం మూసి, "వదినా, నాకు ఒళ్ళు ఝల్లుమనింది. ఆ ముల్లు నా కాలికి గుచ్చుకోరాదా అనిపించింది. మన ఇంట్లో గుచ్చుకుంటే ఏమంటారు చెప్పండి? కండ్లు యాడ పెట్టుకోని నడస్తాండావు అంటారు. ముప్పై ఏండ్లు కావస్తాండాది, ఈ మనిషి నా కాలు పక్క ఒకసారన్నా సూసినాడో లేదో" అని నవ్వి, వేలు ఎత్తింది.

వాట్సాప్‌లో ఉషారాణి పేరు రోజూ పైనే ఉంటుంది. సుమలత ఆ పేరు చదవదు, పైనున్న దాన్ని నొక్కుతుంది. ఆ రోజు పొద్దున్నే పుంగనూరు నుంచి తోడికోడలు భారతి, మామగారి సంవత్సరీకం ఎప్పుడో తెలుపుతూ కుటుంబం గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. దానితో గ్రూపు పైకెక్కింది, ఉషారాణి కిందికి దిగింది.

గ్రూపులో పంతొమ్మిది మంది.

సుమలత బట్టలు ఆరేసి, కిందికి వచ్చి, ఉప్మాకు తాలింపు పెట్టేసరికి పద్నాలుగు నిమిషాలూ పుంగనూరులో, బెంగుళూరులో, కలికిరిలో వినేశారు. తిరుపతి హాస్టల్లో ఉన్న కూతురు అనూష ఫోన్ చేసి, "అమ్మా, డిలీట్ చెయ్యి, ముందు డిలీట్ చెయ్యి, తర్వాత ఏడుద్దువు" అన్నాక గానీ ఆమెకు తెలియలేదు. డిలీట్ చేసింది. అప్పటికే ఎవరో దాన్ని దాచుకుని మళ్ళీ పెట్టారు. పగలబడి నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. "ఇది పెద్దోళ్ళు ఉండే గ్రూపు" అని పెద్దబావ వెంకటరమణ. "ఛీ ఛీ, పిల్లలుండారు" అని భారతి.

మధ్యాహ్నం లక్ష్మీపతి అన్నానికి వచ్చాడు గానీ తినలేదు. పళ్ళెం ముందు కూర్చుని నీళ్ళ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"మునిచంద్ర ఫోన్ చేసినాడు. అన్నా, వదినకు ముల్లు గుచ్చుకునిందంటనే, తీసినావా అంటాడు. నాకంటే పదేండ్లు చిన్నోడు. వాడికి నేనేమని చెప్పేది?"

అతను తిట్టి ఉంటే బాగుండునని సుమలతకు అనిపించింది. అతను ఆమె కాళ్ళ వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు వెంకటరమణ గ్రూపు కాల్ చేశాడు. లక్ష్మీపతి ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి భార్యను ముందు కూర్చోబెట్టాడు. తెరమీద గళ్ళుగళ్ళుగా మొహాలు. వెంకటరమణ, భారతి ఒక గడిలో. నవ్వు ఆపుకుంటున్న మరిది మునిచంద్ర ఇంకో గడిలో. మిగతా గళ్ళలో ఎవరున్నారో సుమలత చూడలేదు. తల ఎత్తితే గదా.

"ఏమమ్మా సుమలతా, ఎన్ని దినాలుగా జరగతాండాది ఈ పారాయణం?" అన్నాడు వెంకటరమణ.

"మా కోడలు పక్కనే ఉండాది" అంది భారతి. "ఆ పిల్ల ముందర నేను తల యాడ పెట్టుకునేది?"

వెనక నుంచి సరోజమ్మ అందుకుంది. "నేను అనుకుంటానే ఉండా, ఆ గదిలో గుసగుసలేంది అని. నా కూతురి సంసారాన్ని తినేసిన పుస్తకాలు. ఇప్పుడు నా కోడల్ని పట్టుకున్నాయి."

"అడగతాండారు కదా, చెప్పు" అన్నాడు లక్ష్మీపతి. అతని గొంతులో కోపం లేదు. ఏదో ఒకటి చెప్పి నన్ను ఇందులోంచి బయటపడెయ్యి అనే బతిమాలుడు ఉంది.

చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి నిజం. అది చెబితే ఈ తగువు ఈ రాత్రితో తీరదు, ముల్లు మాటతో సహా ఏళ్ళ తరబడి నడుస్తుంది. రెండోది నోటికి సిద్ధంగా ఉంది. నలభై ఏళ్ళుగా ఆ కుటుంబమంతా వాడి వాడి నున్నగా చేసిపెట్టిన దారి.

"నాకేం ఇష్టం బావా వాటిమీద?" అంది సుమలత. "వదిన అడిగింది. కండ్లు కనపడని మనిషి బతిమాలితే కాదనలేక చదివినా. బలవంతం మీద. నాకైతే ఆ రాతలు సూస్తేనే వాంతికొస్తాది."

"మరి ఆ ముల్లు సంగతి వదినా?" అన్నాడు మునిచంద్ర.

"ఆమెకు సంతోషంగా ఉంటాదని ఊరికే అన్నా."

ఆ మాటతో అందరికీ ప్రాణం లేచివచ్చింది. నమ్మారని కాదు. పొద్దున ఆ గొంతులోని సంబరాన్ని వాళ్ళంతా చెవులారా విన్నారు. అయినా ఇది అందరికీ సరిపోయే మాట. వెంకటరమణ ఊపిరి వదిలి, "అనుకున్నాలే. అరవై దాటినా అక్క బుద్ధి మారలేదు. ఇంగ ఆమె ఫోన్ చేస్తే ఎత్తొద్దు" అన్నాడు.

"నేను ఈడనే ఉండాను వెంకటరమణా."

గళ్ళలో ఒకటి నల్లగా ఉంది. కెమెరా పెట్టుకోవడం ఉషారాణికి రాదు. పెట్టుకున్నా ఆమెకు కనపడేదేమీ లేదు. మొదటి నుంచీ ఆ నల్ల గడిలో కూర్చుని వింటూనే ఉంది.

"తప్పు నాదే" అంది ఉషారాణి. పిల్లల హాజరు పిలిచినంత మామూలుగా ఉంది ఆ గొంతు. "ఆ పిల్లనేమీ అనొద్దండి. పాపం, బలవంతం మీద చదివింది."

నల్ల గడి మాయమైంది. మిగిలిన మొహాలు కొంచెం పెద్దవయ్యాయి.

మర్నాడు రెండింటికి సుమలత ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. సరోజమ్మ టీవీ గొంతు తనకు తానే తగ్గించింది, కోడలు ఏం మాట్లాడుతుందో విందామని. వినడానికి ఏమీ లేదు.

మూడో రోజు భారతి నుంచి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "సుమలతా, ఆ కత పేరేంది? ఆయప్ప కాలు వదిలినాక ఏం జరిగింది? ఎవురికీ చెప్పొద్దు." సుమలత చదివిన నిమిషానికే అది మాయమైంది. తెరమీద ఈ మెసేజ్ తొలగించారు అన్న అక్షరాలు మిగిలాయి. భారతి మీద ఒళ్ళు మండాలి. మండలేదు. గ్రూపులో ఛీ కొట్టి చాటుగా అడిగిన ఆమెకూ, చాటుగా సంబరపడి గ్రూపులో వాంతికొస్తుందన్న తనకూ ఏం తేడా అనుకుంది.

ఐదో రోజు ఉషారాణి ఫోన్ ఎత్తింది.

"చెప్పమ్మా సుమలతా."

సుమా అనలేదు.

"వదినా, పదమూడో అధ్యాయం..."

"వద్దులేమ్మా. అనూషకు ఫోన్ చేసి అడిగినా. యూట్యూబ్‌లో నవలలు చదివేటోళ్ళు ఉండారంట, ఎట్ల పెట్టుకోవాల్నో చెప్పింది. పక్కింటి పాప పెట్టిస్తాది. ఎవురో ఒకామె, బాగనే చదువుతాది. గొంతు తియ్యగా ఉండాది. మధ్యలో సబ్బుల అడ్వర్టైజ్‌మెంట్లు వస్తాయి, అంతే."

"నేను చదివినట్లుంటాదా?"

"ఆమెతో మాట్లాడేదానికి లేదు" అంది ఉషారాణి. "ఆమె నాకోసరం చదవతాండాదా, ఆమె కోసరమా అని నేను అనుకోవాల్సిన పని కూడా లేదు. పెట్టేస్తానమ్మా, పాలు పొయ్యి మీద ఉండాయి."

మామగారి సంవత్సరీకం పుంగనూరులో, వెంకటరమణ ఇంట్లో. సుమలత తెల్లవారకముందే లేచి గారెలకు పప్పు రుబ్బి, అత్తను ఆటోలో ఎక్కించుకుని వెళ్ళింది. పది గంటలకు ఉషారాణి కుప్పం బస్సు దిగింది. కండక్టరు చెయ్యి పట్టి దింపాడట. వాకిట్లో చెప్పులు విడిచి, గోడను వేళ్ళతో తడుముకుంటూ లోపలికి వచ్చింది. నీలం అంచు తెల్లచీర, మెడలో నల్లతాడుకు కట్టిన ఇంటి తాళంచెవి. "రా అక్కా, రా రా" అంటూ వెంకటరమణ కుర్చీ వేశాడు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అన్నట్టు అందరూ ఆమెకు రెండుసార్లు కాఫీ ఇచ్చారు.

పిండాలు పెట్టడం అయి, మగవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఉషారాణి పెరట్లో కాళ్ళు కడుక్కోవడానికి వచ్చింది. సుమలత చెంబు అందుకుని నీళ్ళు పోసింది.

"ఎవురు?" అంది ఉషారాణి.

"నేనే వదినా."

ఉషారాణి కాలు వెనక్కు తీసుకోలేదు. కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"నేను అబద్ధం చెప్పినా వదినా. ఆ పొద్దు అందరూ అట్ల మీద పడేసరికి..."

"తెలుసు."

"తెలిసీ నాతో యాల మాట్లాడరు?"

ఉషారాణి బావి గట్టును తడుముకుని కూర్చుంది. లోపల ఎవరో నెయ్యి అడుగుతున్నారు.

"తెలుసు అంటి కదా. అది పొద్దున తెలుస్తాది. మధ్యాహ్నానికి పోతాది. పొద్దున ముల్లు మాట చెప్పింది నీ గొంతే. సాయంత్రం వాంతికొస్తాది అనింది నీ గొంతే. రెండూ ఒకటే మాదిరి ఉన్నాయి సుమలతా. కండ్లుంటే మొగం సూసి పోల్చుకుందును. నాకు మిగిలింది గొంతొకటే. దాంట్లో కూడా నాకు తేడా తెలీకపోతే ఇంగ నేనేం వినేది?"

సుమలత చెంబు కింద పెట్టింది.

"రోజూ ఒకటే ఆలోచన" అంది ఉషారాణి. "అనపకాయలు పితికేటప్పుడు నువ్వు నవ్వినావే, అది నాకోసరం నవ్వినావా అని. చివరి పేజీలు లేకుంటే నువ్వు కతలు చెప్పినావే, మొగుడొదిలిన ముసిల్ది, సంతోషపడనీలే అని చెప్పినావా అని. ముళబాగిలులో ఆయప్ప మాట్లాడలేదని వచ్చేసినా. మాట్లాడే మనిషి దొరికింది అనుకున్నా. వీండ్లు నలభై ఏండ్లుగా నన్ను అంటానే ఉండారు, నాకు సురుక్కుమనలేదు. నువ్వు ఒక్కసారి అన్నావు."

లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. చెయ్యి అందిద్దామని సుమలత రెండడుగులు వేసింది గానీ అందించలేదు.

ఆడవాళ్ళ భోజనాలు కూడా అయ్యాయి. హాల్లో చాపలు పరిచారు. సరోజమ్మ దిండుకు ఆనుకుంది. వెంకటరమణ తమలపాకులకు సున్నం రాస్తున్నాడు. లక్ష్మీపతి ఫోనులో వాన ఎప్పుడు పడుతుందో చూస్తున్నాడు. ఉషారాణి కిటికీ పక్క కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుమలత వక్కల పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగుతోంది.

కడుపు నిండిన మునిచంద్రకు హాస్యం పుట్టింది. "ఏమి వదినా, ఈ పొద్దు రేడియో ప్రోగ్రాం లేదా? అందరం ఉండాము, ఏదన్నా ఒక ముల్లు కత చెప్పకూడదా?"

హాలంతా నవ్వింది. భారతి అందరికంటే గట్టిగా నవ్వింది. లక్ష్మీపతి ఫోనులోంచి తల ఎత్తలేదు. ఉషారాణి నవ్వలేదు, మొహం చిట్లించనూ లేదు. ఎవరి గొంతు ఎక్కడినుంచి వస్తుందో వెతుకుతున్నట్టు తల కొంచెం పక్కకు వంచింది.

సుమలత మునిచంద్ర ముందు పళ్ళెం దించింది. నిటారుగా నిలబడి కొంగు నడుముకు దోపుకుంది.

"నాకు ఇష్టమయ్యే చదివినా" అంది.

గొంతు పెంచలేదు. దగ్గరున్నవాళ్ళ నవ్వు ముందు ఆగింది, తర్వాత దూరంగా ఉన్నవాళ్ళది.

"వదిన నన్ను అడగలేదు. నేనే అడిగినా. వద్దంటే కూడా నేనే ఇడవలేదు. ఆ ముల్లు మాట నిజం. బలవంతం అని చెప్పింది అబద్ధం. మీరంతా సూస్తా ఉంటే భయమేసి ఆమె మీదికి తోసేసినా. మీరు తోసేది నేర్పించినారు, నేను నేర్చుకున్నా."

"ఇప్పుడు అదంతా యాల సుమలతా, గమ్మునుండు" అన్నాడు వెంకటరమణ. "ఈ పొద్దు నాయన దినం."

"అయిపోయింది బావా, ఇంకొక్క మాట. ఈ గురువారం నుంచి ప్రతి గురువారం కుప్పం పోతాను. పొద్దున ఆరు గంటల బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తా. అత్తకు వండి పెట్టి పోతా. పుస్తకం తీసుకోని పోతా."

"అక్క వద్దంటాండాది కదమ్మా" అంది భారతి. అనేసి నాలుక కరుచుకుంది. పెరటి తలుపు చాటున విన్న ఆ సంగతి తనకెలా తెలిసిందో ఎవరైనా అడుగుతారేమోనని అటూ ఇటూ చూసింది.

"వద్దననీ" అంది సుమలత. ఉషారాణి వైపు తిరిగింది గానీ ఆమెతో అనలేదు, అందరితోనే అంది. "ఇంట్లోకి రానిస్తే చదువుతా. రానివ్వకపోతే మెట్లమీద కూర్చోని నాకోసరం నేను చదువుకుంటా. వినాలనిపిస్తే వింటాది. లేకుంటే ఆ యూట్యూబామెను పెట్టుకుంటాది. ఆమె నమ్మాలని కాదు. నేను చెప్పిన అబద్ధానికి ఎన్ని గురువారాలు పడతాయో నాకు తెలీదు."

ఉషారాణి ఒళ్ళో చేతుల మీది నుంచి ఒక చెయ్యి తీసి మెడలోని తాళంచెవిని పట్టుకుంది. పట్టుకుని కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

సున్నం రాసిన ఆకు వెంకటరమణ చేతిలోనే ఉండిపోయింది. లక్ష్మీపతి ఫోను పక్కన పెట్టాడు.

"గురువారం అంగడికి లోడు వస్తాది" అన్నాడు. "ఇంట్లో మనిషి ఉండాల."

"మీరుండండి" అంది సుమలత, వక్కల పళ్ళెం అతని ముందు పెట్టి.